గేటు పడే వేళలు

మా అక్కను ఎవరైనా వీపున వేసుకుని రైలు పట్టాలు దాటడమంటే నాకు మొదటి నుంచీ భయమే. ఆ భయం పోగొట్టుకోవడానికి నేను చేసిన పనే చివరికి అంతపనీ చేసింది కాబట్టి, వరుస తప్పకుండా రాస్తాను.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో మా ఇల్లు పట్టాలకు ఒక పక్క, ఊరంతా ఇంకో పక్క. బజారు, పెద్ద దవాఖాన, నేను గుమస్తాగా పనిచేసే కచేరీ అన్నీ ఊరి వైపే. మా వైపు ఉన్నవి ఇళ్లు, చిన్న చర్చి, పిండి గిర్ని, రిక్షా అడ్డా, అడ్డా పక్కన ఛాయ్ హోటల్. ఊళ్లోకి పోవాలంటే రైలు గేటు దాటాలి. గేటు పడిందంటే ఒక్కోసారి గూడ్సు పోయి, దాని వెనక పాసింజరు పోయి, ఎదురు నుంచి ఇంకొకటి వచ్చేదాకా లేచేది కాదు.

కాళ్లు బాగున్న వాళ్లకు గేటు ఒక లెక్క కాదు. సైకిలు పక్కకు వంచి గేటు కింద నుంచి దూరేవాళ్లు. నేనూ దూరేవాణ్ని. ఆగిపోయేది ముసలివాళ్లు, చూపు లేనివాళ్లు, దవాఖానకు పోయే రోగులు, మా అక్క.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. మూడో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్లూ సచ్చుబడ్డాయి. చేతులకు రబ్బరు చెప్పులు తొడుక్కుని నేల మీద జరుగుతూ ఇల్లంతా తిరిగేది. చేత్తో తిప్పే మిషను మీద జాకెట్లు కుట్టేది. ముప్పయి దాటాక ఆమెకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఊరి వైపు ఒక సంఘం వాళ్లు పెట్టిన కుట్టు కేంద్రంలో ఆడపిల్లలకు నేర్పాలి. ఏడాది చూసి పర్మనెంటు చేస్తామన్నారు. తొమ్మిదిన్నరకల్లా మిషన్ల మీద బట్ట ఉండాలనీ, మూడుసార్లు లేటైతే ఇంకొకరిని చూసుకుంటామనీ అక్కడి మేడమ్ మొదటి రోజే చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అక్క పడి పడి నవ్వింది. "పుట్టినప్పటి సంది నన్ను ఉరుకుమన్నోళ్లు లేరు రా తమ్మీ. ఇయ్యాల ఒకామె అన్నది."

బస్సు మా వైపుకు రాదు. ఊరి వైపు వచ్చే బస్సుకు మెట్టు నా మోకాలంత ఎత్తు. మూడు చక్రాల బండికి అర్జీ పెడదామంటే ముందు దవాఖానలో సర్టిఫికెట్ కావాలి, ఆ దవాఖానకు పోవాలన్నా గేటే. మిగిలింది రిక్షా. అడ్డాలో ఒకతను రోజూ పొద్దున ఆమెను తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు. ఇరవై అయిదేళ్లుంటాయి. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. పిక్కలు బండరాళ్లలాగా ఉండేవి. అక్కను "టీచరమ్మా" అనేవాడు. అక్క అతన్ని "ఏమో పెండ్లికొడుకా" అనేది, ఎందుకంటే అతను రిక్షా హుడ్డుకు ప్లాస్టిక్ పూలదండ కట్టేవాడు.

ఆ అడ్డాలో ఒక పద్ధతి ఉండేది. గేటు పడితే మా వైపు రిక్షా మా వైపే ఆగుతుంది. సవారీని దించి, గేటు కింద నుంచి పట్టాలు దాటించి, ఊరి వైపు అడ్డాలో ముందున్న రిక్షాకు అప్పగిస్తారు. నడవలేని వాళ్లను వీపున వేసుకుంటారు. దీన్ని "అందియ్యడం" అనేవాళ్లు. "అవ్వను అందిచ్చి వస్త, జర నా రిక్షా చూడు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. మా వాడలో ఎందరో ముసలివాళ్లు ఇట్లా చేతులు మారి దవాఖానకు చేరారు. అప్పటికి అన్నీ బొగ్గు ఇంజన్లే. దూరంగా పొగ కనబడితే ఆగాలి, లేకపోతే దాటాలి. వాళ్లకున్న నియమం అదొక్కటే. దాని మీద నాకు నమ్మకం లేదు. అక్కను గేటు పడ్డప్పుడు అందియ్యొద్దని రిక్షా అతనికి గట్టిగా చెప్పాను. అతను వినేవాడు. దాంతో మొదటి రెండు నెలల్లోనే గేటు దగ్గర ఆగిపోయి అక్క రెండుసార్లు లేటయింది.

ఇంకొక్కటే మిగిలింది. ఆ రాత్రి ఆమె అన్నం సగమే తిన్నది.

నాకు తెలిసిన పని రాసుకోవడమే. పదహారో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. మా అరుగు మీద కూర్చుంటే గేటు కనబడుతుంది. పొద్దున ఆరు నుంచి కచేరీకి బయలుదేరే దాకా, సెలవు రోజుల్లో చీకటి పడేదాకా, గేటు ఎప్పుడు పడిందో, ఎప్పుడు లేచిందో గడియారం చూసి రాశాను. నాలుగు నెలలు రాశాను; అన్నాళ్లూ అక్క తెల్లారగానే బయలుదేరి, కేంద్రం తలుపు తీసేదాకా బయట కూర్చునేది. తరువాత వాటన్నిటినీ సరిచూసి, గేటు పడే, లేచే వేళలు తేల్చి, పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి ఛాయ్ హోటల్ గోడకు వేలాడదీశాను. పైన "గేటు పడే వేళలు" అని పెట్టాను.

అది పనిచేసింది. అక్క ఎనిమిదీ యాభైకి బయలుదేరితే గేటు పడకముందే ఊరి వైపుకు చేరేది. మిల్లులో దూది పీల్చి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయన ఒకడు ఎండలో గంటలకొద్దీ దగ్గుకుంటూ నిలబడడం తప్పింది. ఊరి వైపు పెద్ద చర్చికి పోయే ముసలి దంపతులు ఆదివారం పూట అట్ట చూసి రిక్షా మాట్లాడుకునేవాళ్లు. "సారు కాగితం" అని దానికి పేరు పడింది. నేను హోటల్లోకి పోతే ఛాయ్ ముందు నాకే వచ్చేది. ఎంత సంతోషపడ్డానో ఆ ఏటి డైరీలో రాసి ఉంది. ఇప్పుడు చదవాలంటే సిగ్గేస్తుంది.

గేటు కాకా మాత్రం సంతోషపడలేదు. గేటు పక్క గుమిటీ గదిలో ఉంటూ గేటు వేసే ఆయన్ను అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. ఒకనాడు నన్ను పిలిచి, గోడకున్న టెలిఫోను చూపించాడు.

"సారూ, నేను నీ కాగితం చూసి గేటు వెయ్య. ఇది మోగితే వేస్త."

"నాలుగు నెలలు చూసి రాసిన కాకా. అయిదు నిమిషాలు ఇటో అటో, అంతే."

"అయిదు నిమిషాలల్ల ఎంత దూరం వస్తదో ఎరికేనా, బండి?" అన్నాడు. అని జెండాలు చుట్టుకుంటూ లోపలికి పోయాడు.

అప్పుడైనా ఆగి ఉండాల్సింది. నేను ఇంకో వరస కలిపాను. రిక్షా అతనే అడిగాడు. "సారూ, గేటు ఎప్పుడు పడ్తదో రాసినవ్. పడ్డంక బండి ఎంతసేపటికి వస్తదో గూడ రాయరాదూ? ఉత్తగ నిలబడి సస్తన్నం." అది కూడా నా డైరీలో ఉంది. నేను రెండూ రాసేవాణ్ని. పాసింజరుకు గేటు పడ్డాక పన్నెండు నిమిషాలు, గూడ్సుకు ఎనిమిది, ఇట్లా. అట్ట మీద ఆ వరస ఎర్ర సిరాతో రాశాను, స్పష్టంగా కనబడాలని.

నెల తిరగకుండానే అడ్డాలో అందరూ ఎర్ర సిరానే చూడసాగారు. గేటు తెరిచి ఉన్న వేళకు బయలుదేరడం మానేశారు. పడ్డ గేటు ముందుకు వచ్చి, అట్టలో ఎన్ని నిమిషాలున్నాయో చూసి, ముసలివాళ్లను వీపున వేసుకుని కిందికి వంగేవాళ్లు. ఇదివరకు పొగ కోసమైనా ఇటూ అటూ చూసేవాళ్లు. ఇప్పుడు అదీ తగ్గింది. అంతా నా కళ్ల ముందే జరిగింది. ఒక్కరోజూ వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఒక్కోసారి వాళ్లే నన్ను టైము అడిగేవాళ్లు, నేను గడియారం చూసి చెప్పేవాణ్ని.

అక్కకు ఆ ఏడాదంతా ఇంకో లేటు పడలేదు. సంఘం వాళ్ల పద్ధతిలో ఆ తరువాత ఇంకో ఏడాది చూడాలన్నారు, లేటు లెక్క మాత్రం పాతదే. ఇంకొక్కటి అన్న మాట ఆమె తల మీద అట్లాగే ఉండిపోయింది.

ఎనభైలలోకి వచ్చాం. పట్టాల వెంట గుంతలు తవ్వారు. గుంతల్లో ఇనుప స్తంభాలు నిలబెట్టారు. మా అరుగు మీద నుంచి చూస్తే మొదట రెండు కనబడ్డాయి, వారం తిరిగేసరికి వరసంతా కనబడింది. కరెంటు ఇంజన్లు వస్తాయన్నారు. గేటుకు ఇవతలా అవతలా రోడ్డు మీద ఇనుప కమానులు కట్టారు, గడ్డి బండ్లు ఎత్తుగా పోయి తీగకు తగలకుండా. తరువాత తీగలు వచ్చాయి. ఆ తరువాత స్తంభాలకు పుర్రె బొమ్మ రేకులు కొట్టారు. డప్పు వేసి చాటింపు చేశారు, తీగల్లో కరెంటు వదులుతున్నాం, ఎవరూ దగ్గరికి పోవద్దు అని. మా వాడ ముసలమ్మ ఒకామె ఆ పుర్రె కింద నుంచి ఎవరైనా తనను మోసుకుపోతుంటే కళ్లు మూసుకునేది.

"కండ్లు మూసుకుంటే ఏమొస్తది అవ్వా, అది నిన్ను చూస్తనే ఉంటది" అని రిక్షా అతను ఆట పట్టించేవాడు.

"నన్నేం చూస్తది బిడ్డా, నాకేం మిగిలింది. నిన్ను చూస్తది" అన్నదామె.

అందరం నవ్వాం. ఆ మాట ఆ పూట డైరీలో రాశాను కూడా, తమాషాగా ఉందని.

అదే వారంలో గేటు రెండుసార్లు అట్టలో లేని వేళకు పడింది. పొద్దున పూటే. మొదటిసారి నేను అరుగు మీద ఉన్నాను. పొగ లేదు, చప్పుడు లేదు. ఒట్టి ఇంజను ఒకటి, పెట్టెలు లేకుండా, జారినట్టు వచ్చి జారినట్టు పోయింది. గేటు పడ్డాక మూడు నిమిషాలకే వచ్చింది. డైరీలో ఆ వేళ రాసి, పక్కన ఒక చిన్న సున్నా చుట్టాను. రెండు రోజుల తరువాత మళ్లీ అట్లాగే వచ్చింది. మళ్లీ సున్నా చుట్టాను. నా పద్ధతిలో సున్నా అంటే లెక్కలోకి తీసుకోనిది. రోజూ వచ్చేది కాదు కాబట్టి అట్ట మీద ఎక్కించలేదు. ఎవరికీ చెప్పలేదు. ట్రయల్ కోసం తిప్పుతున్నారు, అయిపోతే పోతుంది అనుకున్నాను.

ఆ తరువాత మూడో రోజు పొద్దున సన్నగా వాన. రిక్షా చైను ఊడిపోయి, అక్క బయలుదేరేసరికే తొమ్మిది దాటింది. నేను కచేరీకి పోతూ ఛాయ్ హోటల్ దగ్గర ఆగాను. రిక్షా గేటు ముందుకు రాగానే గేటు పడింది. నా గడియారంలో తొమ్మిదీ ఎనిమిది. అట్టలో తొమ్మిదీ పదికి పాసింజరు గేటు ఉంది. బండి వచ్చేది ఇరవై రెండుకు.

అక్క హుడ్డు కింద నుంచి తల బయటపెట్టి నన్ను చూసింది. ముఖం పాలిపోయి ఉంది. ఆగితే బండి పోయి గేటు లేచేసరికి తొమ్మిదీ ఇరవై అయిదు అవుతుంది, కేంద్రానికి ఇంకో పది నిమిషాల దారి. మూడో లేటు.

రిక్షా అతను దిగి నా వైపు తిరిగాడు. "సారూ, ఎంత టైమున్నది?"

మామూలుగా అయితే నేను వద్దనాలి. అక్కను గేటు పడ్డప్పుడు అందియ్యొద్దని అతనికి మొదట్లో చెప్పిందే నేను. అట్ట పెట్టాక ఆ మాట నేనే మరిచిపోయాను.

"పది నిమిషాలకు తక్కువ లేదు. పో" అన్నాను.

అతను ఆమె ముందు వంగాడు. ఆమె చేతులు అతని మెడ చుట్టూ వేసింది. రబ్బరు చెప్పులు రెండూ ఆమె చేతులకే ఉన్నాయి. గేటు కింద వంగి, ఇద్దరూ అవతలికి లేచారు. గుమిటీలో నుంచి కాకా బయటికి ఉరికొచ్చి పచ్చ జెండా పడేసి రెండు చేతులూ ఊపాడు.

"ఆగుండ్రి! గది పాసింజర్ కాదు!"

పాసింజరు వచ్చేది నెక్కొండ వైపు నుంచి. నేను అటే చూస్తున్నాను. హోటల్లో ఉన్నవాళ్లంతా అటే చూశారు. అటు ఏమీ లేదు, తడిసిన పట్టాలు, తీగలు. రిక్షా అతను కూడా అటే చూసి, మొదటి పట్టా దాటి, రెండో పట్టా మీద కాలు పెట్టాడు. ఇంజను ఎదురు దిక్కు, కాజీపేట వైపు నుంచి వచ్చింది. ఈల కాదు, లారీ హారను లాంటి కూత ఒకటి వినబడింది. తల తిప్పేసరికి అది గేటు దగ్గరే ఉంది.

అతను అక్కను ముందుకు విసిరేశాడు. రెండు చేతులతో, బియ్యం బస్తా విసిరినట్టు. తరువాత తనూ దూకాడు. తడి స్లీపరు మీద వెనక కాలు జారింది.

ఇంజను పోయింది. తీగలు సన్నగా మోగుతున్నాయి. అక్క కంకర మీద బోర్లా పడి ఉంది. గడ్డం చీరుకుపోయింది, ప్రాణానికి ఏం కాలేదు. అతని పక్కన కూర్చుని కాకా తన తలపాగా విప్పి కాలికి చుడుతున్నాడు. ఎడమ పాదం లేదు. పట్టాల నడుమ అక్క రబ్బరు చెప్పు ఒకటి, నలగకుండా అట్లాగే ఉంది.

అందియ్యడానికి ఇక ఎవరూ ముందుకు రాలేదు. కాకా గేటు లేపాడు. ఊరి వైపు రిక్షాలో అతన్ని దవాఖానకు నేనే తీసుకుపోయాను, అక్కను వెనక ఇంకో రిక్షాలో ఎక్కించి. దారి పొడుగునా అతను ఒకటే మాట. "టీచరమ్మకు లేటైంది గద సారూ."

అవును, లేటైంది. కుట్టు కేంద్రం మేడమ్ మాత్రం విషయం తెలుసుకుని, ఆ రోజును లెక్క పెట్టం, గాయం మానాక రమ్మని కబురు పంపింది. అక్క పోనన్నది.

"ఎందుకు పోవు? దీని కోసమే గద అంత చేసింది" అన్నాను.

"ఆ బిడ్డ కాలు పోయిందిరా. ఇంక ఇంకోని వీపు ఎక్కమంటవా?" అన్నది. గడ్డానికి కుట్లు ఉండడంతో నోరు పూర్తిగా తెరవలేక, పళ్లు బిగించి మాట్లాడింది. "కాళ్లున్నోళ్లు పట్టాలు దాటుతరు. వాళ్లనే రమ్మను."

రమ్మంటే నిజంగానే వచ్చారు. ఆరుగురు ఆడపిల్లలు, గేటు లేచేదాకా ఆగి, మా ఇంటికి నడిచి వచ్చేవాళ్లు. మా అరుగే కుట్టు కేంద్రమైంది. దవాఖాన నుంచి వచ్చాక రిక్షా అతను కూడా వచ్చాడు, కర్ర పట్టుకుని, మొదట ఊరికే కూర్చోవడానికి. అక్క అతని ముందు చేతి మిషను పెట్టింది.

"దీనికి కాలుతో పనిలేదు పెండ్లికొడుకా. చెయ్యి చాలు."

రిక్షా హుడ్డులు, సీటు కవర్లు కుట్టడం నేర్చుకున్నాడు. అడ్డాలో అందరివీ అతనే కుట్టేవాడు.

నా అట్టను హోటల్ గోడ నుంచి తీసి చింపబోతుంటే అక్క లాక్కున్నది. వెనక్కి తిప్పి, తన చేత్తో రెండే మాటలు రాసింది. గేటు పడితే అందరూ ఆగాలి. లేచాక నడవలేని వాళ్ల రిక్షా ముందు పోవాలి. దాన్ని గేటు కాకాకు ఇచ్చి రమ్మన్నది. ఆయన చదివి, గుమిటీ తలుపుకు మేకులు కొట్టి బిగించాడు. ఆనాటి నుంచి గేటు లేవగానే ఆయన జెండా కర్ర అడ్డం పెట్టి లారీలనూ ఎడ్ల బండ్లనూ ఆపి, ముసలివాళ్ల రిక్షాలను ముందు వదిలేవాడు. మా వాడలో ఈ విషయంలో పనికొచ్చిన ఏర్పాటు అదొక్కటే. దాంట్లో నా చెయ్యి లేదు.

ఆ డైరీని అక్క ఒకనాడు నా బల్ల మీద తెరిచి చూసింది. అతను అరుగు మీద సీటు కవరు కుడుతున్నాడు. వేలితో చూపించి అడిగింది.

"ఈ సున్నాలు ఏందిరా తమ్మీ?"

చెప్పాను. మొత్తం చెప్పాను, అతనికి కూడా వినబడేటట్టు. మిషను ఆగింది. ఆమె డైరీ మూసి నా చేతిలో పెట్టింది. కాసేపటికి మిషను మళ్లీ తిరిగింది.

ఆ తరువాత గేటు వేళలు రాయడం మానేశాను. డైరీ మానలేదు. అతను చాలా ఏళ్లు మా అరుగు మీదే కుట్టాడు. బండి పోయినప్పుడల్లా దారం ఆపి, తల ఎత్తకుండానే అడిగేవాడు. కోపంగా కాదు. మొదటి రోజుల్లో నా అట్ట చూసి అడిగినంత మామూలుగా.

"ఇదేం బండి సారూ?"

చాలాసార్లు నాకు తెలుసు. గడియారం చూడకుండానే తెలుసు. అయినా ప్రతిసారీ ఒకటే చెప్పేవాణ్ని.

"తెల్వదు బిడ్డా."